మంగళవారం పెళ్లి

ఆ హితవు ఈ వారం మళ్లీ పేపర్లో పడింది. మీరూ చదివే ఉంటారు. ముహూర్తాలు మొదలయ్యే ముందు బంగారం ధర మీద ఒక వార్త, సైబర్ మోసాల మీద ఒక హితవు పడకపోతే మనకు పెళ్లిళ్ల సీజను వచ్చినట్టే ఉండదు. ఆ హితవులో ఉన్నవి రెండే ముక్కలు. అపరిచితుల మెయిళ్లకు స్పందించొద్దు. అత్యాశకు పోవద్దు.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద చాయ్ తాగుతూ మా ఫోటోగ్రాఫర్ తమ్ముడు ఆ వార్త రెండుసార్లు చదివాడు.

"నా దగ్గరికొచ్చేటోళ్లంత అపరిచితులే గదనే! తెలిసినోళ్లు పైసలిస్తరా?"

నాకు జవాబు తోచలేదు. వాడి కెమెరాతో మా ఇంట్లో రెండు శుభకార్యాలు జరిగాయి. రెండుసార్లూ మేం వాడికి భోజనం పెట్టాం.

వాడు ఫోన్ తీసి, ఆ ఉదయమే వచ్చిన మెయిల్ చూపించాడు. రాసినవాడి పేరు ఒకటి, మెయిల్ ఐడీలో పేరు మరొకటి. విదేశంలో ఉంటాడట. కూతురి పెళ్లి హైదరాబాద్‌లో చేస్తాడట. 60 మంది అతిథులు, ఐదు గంటల పని. తనకు చెవులు వినపడవు కాబట్టి ఫోన్ చేయొద్దట, పైగా ఆస్పత్రిలో ఉన్నాడట. మీ రేటు ఎంతైనా సమ్మతమే అన్నాడు. మండపం పనులు చూసేవాడు కార్డు తీసుకోడు కనుక, మీకే కొంత ఎక్కువ పంపుతాను, మీది మీరు ఉంచుకుని మిగతాది అతనికి వేయండి అన్నాడు. చివర్లో, దేవుడు మీ కుటుంబాన్ని చల్లగా చూడాలి అన్నాడు.

"పాపం, చెవులు ఇనవడవంట," అన్నాడు తమ్ముడు. "నిజమంటవా, ఫేకంటవా?"

ఆ క్షణంలో నాకు జ్ఞానోదయం అయింది. గ్రూప్స్‌కి, డీఎస్సీకి, ఎస్సై ఉద్యోగానికి, బ్యాంకు పరీక్షకి, పరీక్షే లేని సాఫ్ట్‌వేరుకి కూడా కోచింగ్ దొరికే ఈ దిల్‌సుఖ్‌నగర్‌లో అనుమానానికి మాత్రం కోచింగ్ లేదు. పెట్టేద్దాం. పేరు ఇంకా కుదరలేదు. దేవుళ్ల పేర్లన్నీ ఇప్పటికే బోర్డులెక్కాయి. షార్ట్‌టర్మ్ 45 రోజులు, లాంగ్‌టర్మ్ ఏడాది. పరీక్షలో నెగటివ్ మార్కులుంటాయి. తప్పు జవాబు పెడితే నేరుగా మీ బ్యాంకు ఖాతాలోంచే తీసేస్తారు.

మొదటి క్లాసు చరిత్ర. మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, ఇండోర్‌లో కొలువు చేసి, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన దీన్‌దయాళ్ సంగతి తెలిసిందే. ఆరో నిజాం ఆయన్ని ఆస్థాన ఫోటోగ్రాఫర్‌ను చేసుకుని 'రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్' అని బిరుదిచ్చాడు. ఇప్పుడు బిట్ పేపర్లో ప్రశ్న: ఒక నవాబుగారు మీ ఫోటోలు చాలా నచ్చాయి, ప్యాలెస్‌కు రండి, డబ్బుకు లోటుండదు, పైన బిరుదు కూడా ఇస్తాం అని రాస్తే ఏం చేస్తారు? 'కీ'లో జవాబు: డిలీట్ చేసి బ్లాక్ చేయాలి. అపరిచితుడు, రాజవంశం, లెక్కలేని డబ్బు, అడగని బిరుదు. నాలుగు లక్షణాలూ ఉన్నాయి. దీన్‌దయాళ్‌కు ఈ ప్రశ్నలో సున్నా.

రెండో పేపరు ఆర్మీ మేజర్‌నని చెప్పుకునే మోసగాడు మేజర్ సాబ్ మీద. యూనిఫాంలో దిగిన ఫోటో, ఐడీ కార్డు అడక్కుండానే పంపిస్తాడు. మా డిపార్ట్‌మెంట్ పద్ధతి వేరు, ముందు మీరొక్క రూపాయి వేయండి, రెండు రూపాయలు వెనక్కొస్తాయి అంటాడు. వస్తాయి కూడా. తర్వాత క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే అడ్వాన్స్ పడుతుందంటాడు. డబ్బు ఇవ్వడానికే పిన్ కావాలి, పుచ్చుకోవడానికి అక్కర్లేదన్నది ఈ పేపర్లో ఒకే ఒక్క పాయింటు. దాన్ని వెయ్యిసార్లు ఇంపోజిషన్ రాయిస్తాం. ఎలక్టివ్‌గా ఎన్‌ఎఫ్‌టీ కూడా ఉంది. మీ చార్మినార్ ఫోటోను రెండు ఈథర్‌ల క్రిప్టో సొమ్ముకు కొంటాను, ముందు 'గ్యాస్ ఫీజు' అనే లావాదేవీ రుసుము కట్టండి అనే రకం. ఎల్బీనగర్ బ్యాచికి గ్యాస్ అంటే సిలిండరే కాబట్టి వాళ్లు మోసపోయే ప్రమాదం తక్కువ.

ఇక మా స్టార్ ఫ్యాకల్టీ ఓ సిద్ధాంతిగారు. తమ్ముడి మెయిల్ ఆయనకిస్తే కళ్లజోడు పైకి జరుపుకుని తేదీ మాత్రం చూశారు. పంపినవాడి సర్వరు ఏ దేశంలో ఉందో ఆయనకు అక్కర్లేదు. "మంగళవారం," అన్నారు. "అదీ ఆషాఢంలో. ముహూర్తం రాయలేదు. ఏ తెలుగు తండ్రి పెడతాడయ్యా ఈ పెళ్లి?" లక్షలు పోసి కొన్న స్పామ్ ఫిల్టర్లు వదిలేసిన మెయిల్‌ని వంద రూపాయల పంచాంగం పట్టుకుంది. అడ్రసు దగ్గరా అంతే. 'వేదిక: హైదరాబాద్' అని రాసేవాడు మనవాడు కాడు. మనవాడైతే చైతన్యపురిలో మెట్రో దిగు, ఫలానా పిల్లరు దగ్గర సందులోకి తిరుగు, మిర్చి బండి కనిపిస్తుంది, అక్కడ ఎవర్నడిగినా చెప్తారు అంటాడు.

దొంగ కస్టమర్ని పట్టడం నేర్పితే సరిపోదు, అసలు కస్టమర్ ఎలా ఉంటాడో కూడా చూపించాలి. ఇది ప్రాక్టికల్స్. అసలు కస్టమర్ రాత్రి పదిన్నరకు ఫోన్ చేస్తాడు. పేరు చెప్పడు. "ఎంత తీస్కుంటవ్?" అంటాడు. రేటు వినగానే నవ్వుతాడు. మా బావమరిది కొడుకు కొత్తగా ఐఫోన్ కొన్నాడు, వాడే తీస్తానంటున్నాడు, కానీ పాపం నీకూ నాలుగు రూకలు వస్తాయని చేస్తున్నా అంటాడు. డ్రోన్ ఊరికే ఎగరాలి. ప్రీ వెడ్డింగ్ ఊరికే తీయాలి. రీల్స్ పెళ్లి మండపంలోనే చేతిలో పెట్టాలి. అడ్వాన్స్ మాటెత్తితే, "మేమెక్కడికి పోతం?" అంటాడు.

నిజమే, ఎక్కడికీ పోరు. వాళ్ల ఆల్బమూ ఎక్కడికీ పోదు. కొత్తపేటలో తమ్ముడి స్టూడియోలో, పాత ట్రైపాడ్‌ల వెనక ఒక పెళ్లి ఆల్బమ్ ఉంది. నీలం వెల్వెట్ పెట్టె, మీద దంపతుల పేర్లు బంగారు రంగులో. ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు. మూలన చిన్న చీటీ అంటించి ఉంది: బ్యాలెన్స్ 18 వేలు. మొన్న ఆ దంపతుల బిడ్డ మొదటి పుట్టినరోజుకు ఫోటోలు తీయడానికి తమ్ముణ్నే పిలిచారు. అడ్వాన్స్ ఇవ్వలేదు.

కాబట్టి సూత్రం సులువే. పేరుపేరునా పలకరించి, రేటు ఒప్పుకుని, ముందే డబ్బు పంపి, ఇంటిల్లిపాదికీ దీవెనలు పెడితే దొంగ. తిట్టి, బేరమాడి, ఎగ్గొడితే సొంతవాడు. ఈ సూత్రం బుర్రకెక్కించుకున్న మా మొదటి బ్యాచి టాపర్ ఏడాదిలో ఒక్క మోసంలోనూ పడలేదు. ఒక్క షూటూ చేయలేదు. ఫోన్ మోగితే కట్ చేశాడు, మెయిల్ వస్తే చెరిపేశాడు, సొంత మేనమామ పెళ్లి పత్రిక పట్టుకుని గుమ్మంలోకొస్తే ఆధార్ అడిగాడు. ఫ్లెక్సీ మీద వాడి ఫోటోయే వేశాం. ఇప్పుడు బతుకుతెరువు లేక మా దగ్గరే ఫ్యాకల్టీగా చేరాడు.

అడ్మిషన్ నోటిఫికేషన్ మీకు మెయిల్లో వస్తుంది, అడక్కుండానే. స్పందిస్తే ఎంట్రన్స్‌లో ఫెయిలైనట్టు. స్పందించకపోతే సీటు లేదు.

ఇంతవరకు రాసి, ఆ పేపరు కటింగ్ మళ్లీ చూశాను. అపరిచితుల మాటకు కోచింగ్ పెట్టి నవ్వుకున్నాను గాని, రెండో మాట గొంతు దిగడం లేదు. అత్యాశ.

తమ్ముడికి కిందటేడు జరిగింది చెప్తాను. ఓ బారసాల షూటింగ్‌కి మెసేజ్ వచ్చింది. బేరం ఆడారు కూడా. అడ్వాన్స్ 20 వేలు పడింది. రెండు రోజులకు, కార్యక్రమం ఆగిపోయింది, మీ ఖర్చులకు 5 వేలు ఉంచుకుని మిగతాది ఈ నంబరుకు వేయండి అన్నారు. వేశాడు. మర్యాదస్తుడెవరైనా వేస్తాడు. నెల తర్వాత వాడి ఖాతా స్తంభించింది. ఆ 20 వేలు ఎవరో ఇంకో అభాగ్యుడి దగ్గర కొట్టేసిన సొమ్మట. ఇంకో రాష్ట్రంలోని పోలీస్ స్టేషన్ నుంచి కాగితం వచ్చిందట. బ్యాంకు మేనేజరు, మా చేతుల్లో లేదు, అక్కడికే వెళ్లి రాయించుకు రమ్మన్నాడు. లెన్సు మీద ఈఎంఐ బౌన్సయింది, దానికి మళ్లీ ఆ బ్యాంకే జరిమానా వేసింది.

ఇదే తమ్ముడు కరెంటు ఖాతా తెరిచిన నాడు ఆధార్, పాన్, షాపు అద్దె కాగితం అన్నీ ఇచ్చుకున్నాడు. బ్యాంకు మనిషి వచ్చి స్టూడియో బోర్డుకు ఫోటో తీసుకుపోయాడు. మరి ఆ 15 వేలు ఎవరి ఖాతాలో పడ్డాయో, ఆ ఖాతా తెరిచిన నాడు ఎవరు వెళ్లి ఎవరి బోర్డుకు ఫోటో తీశారు? ఆ నంబరు సిమ్ము ఎవరి వేలిముద్ర మీద ఇచ్చారు? ఆ ప్రశ్నలకు హితవులో చోటు లేదు. పడినవాడిదే తప్పు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలని చెప్పడం మంచిదే, చేయాల్సిందే. కానీ పోయాక చేసే ఫోన్ గురించి అంత గట్టిగా చెప్పేవాళ్లు, పోకుండా ఆపాల్సినవాళ్ల పేరెత్తరేం?

మళ్లీ అత్యాశ మాటకే వస్తే, 2024 ఫిబ్రవరిలో విశాఖ మధురవాడ కుర్రాడొకడు, నిండా పాతికేళ్లు లేవు, షూట్ ఉందంటే కెమెరాలు సర్దుకుని బయల్దేరాడు. ఆన్‌లైన్‌లో పరిచయమైనవాళ్లు రావులపాలెం రమ్మన్నారు. ఇంట్లో చెప్పే వెళ్లాడు. ఆ కెమెరాల కోసం వాణ్ని చంపి, కోనసీమ మట్టిలో పాతేశారు. ఆ పిల్లవాడు ఏ లాటరీకి ఆశపడ్డాడు? పని ఉంది రమ్మంటే పనికి వెళ్లాడు. వాళ్లమ్మ దగ్గరికెళ్లి అత్యాశ అనమనండి చూద్దాం.

మా తమ్ముడి స్టూడియో మీద ఆరడుగుల బోర్డుంది. అందులో వాడి పేరు చిన్నది, ఫోన్ నంబరు పెద్దది. రోడ్డున పోయే, మొహం తెలియని ప్రతివాడికీ కనబడాలని రాత్రిళ్లు లైటు కూడా వేస్తాడు. అపరిచితులకు స్పందించొద్దన్న పెద్దమనిషి ముందు కొత్తపేట వచ్చి ఆ బోర్డు దించాలి. నిచ్చెన మేమే పట్టుకుంటాం.