హ్యాకరు దాకా ఎందుకు, సుంకిశాల చాలదూ!

మళ్లీ మొదలైంది. ఏ మీటింగు చూడు, సైబర్ భద్రతే. ఎక్కడో బీజింగ్‌లో కూచున్నోడు మీట నొక్కితే మన పంపులు ఆగుతాయట, గ్రిడ్ కుప్పకూలుతుందట. 2021 మార్చిలోనూ ఇదే హడావుడి. చైనా హ్యాకర్ల కన్ను తెలంగాణ ట్రాన్స్‌కో మీద పడిందని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ హెచ్చరించింది, మనవాళ్లు పాస్‌వర్డ్‌లు మార్చారు, గండం గడిచింది. సంతోషం.

నాకైతే ఆ హ్యాకరు మీద జాలేస్తోంది. అతను నిద్ర మానుకుని చేద్దామనుకున్న పనిని నల్లగొండ జిల్లా పెద్దవూర మండలంలో మనం ఉత్తచేతుల్తో చేసి చూపించాం. సుంకిశాల, 2024 ఆగస్టు 2. సాగర్ అడుగంటినా హైదరాబాద్‌కు నీళ్లు తోడాలని తలపెట్టిన రూ.2,215 కోట్ల పథకం. ఆగస్టులో కృష్ణకు వరద రాక మాఘమాసంలో వస్తుందా? వచ్చింది. సొరంగం గేటు ఊడింది, పక్కగోడ కూలింది. కూలీలు షిఫ్టు మారే వేళ కాబట్టి బతికిపోయారు. మన విపత్తు ప్రణాళిక అదన్నమాట: షిఫ్టు మారే టైము!

అంత గోడ కూలితే వారం దాకా బయటికి పొక్కలేదు. వీడియో తిరిగాకే లోకానికి తెలిసింది. పోలీసుల యాప్‌లోంచే డేటా ఎత్తుకుపోయిన దొంగలకు కూడా ఈ గుట్టు చిక్కలేదు. సైబర్ విభాగం వాళ్లు సుంకిశాల వచ్చి శిక్షణ తీసుకోవాలి.

ఆ తర్వాత? మీ హయాంలో కట్టారని గద్దె మీదున్నవాళ్లు, మీ హయాంలో కూలిందని గద్దె దిగినవాళ్లు. నీళ్లకు మాత్రం ఎవరి హయామో పట్టలేదు.

2020 అక్టోబరులో ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల పంపుహౌస్ మునిగింది. అదీ చైనావాడి పనేనా?

వెటకారం చాలు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచి, పొగలో చిక్కుకుని తొమ్మిది మంది చచ్చిపోయారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ సొరంగం ఎనిమిది మందిని మింగింది. వాళ్లను ఏ వైరసూ చంపలేదు. మన నిర్లక్ష్యం చంపింది.

సాగర్ నీళ్లు తోడే పుట్టంగండి పంపులు ఆగితే అక్కంపల్లి జలాశయం ఎండుతుంది. అక్కంపల్లి ఎండినా, కోదండాపూర్ నీటిశుద్ధి కేంద్రంలో కరెంటు పోయినా హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు బంద్. ఈ లంకె ఏసీ హాలు స్లైడ్ల కంటే పంపు ఆపరేటర్‌కే బాగా తెలుసు. అతన్ని మీటింగుకు పిలిచారా?

పాస్‌వర్డ్‌లు మార్చండి, ఎవరొద్దన్నారు! దాంతోపాటు భూగర్భ కేంద్రాల్లో పొగ పోయే దారీ, మనిషి బయటపడే దారీ ఎలా ఉన్నాయో తనిఖీ చేసి, ఆ నివేదిక జనం ముందు పెట్టండి. కూలిన ప్రతి గోడకూ, పోయిన ప్రతి ప్రాణానికీ బాధ్యులెవరో పేర్లు చెప్పండి. అది చేయకుండా చైనా పేరెత్తితే నల్లగొండ వినదు.