సింగరేణీ, నీ పాఠాలకు దండం

సింగరేణీ, కార్మికుల ఐక్యత ముచ్చట వచ్చినప్పుడల్లా జనం నాయకుల పేర్లు, జెండాల రంగులు చెబుతారు. నీ పేరెవరూ తలవరు. అసలు మేలు నీది. ఈ మాట మనసారా అంటున్నాను.

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో దొరల గడీల ముందు తలవంచి నడిచిన మనుషులను నీ బొగ్గుబాయి దగ్గరికి రప్పించావు. బెల్లంపల్లిలో, మందమర్రిలో, గోదావరిఖనిలో ఒకే మస్టర్ ముందు నిలబెట్టావు. ఊళ్లో ఒకే బావిలో నీళ్లు తోడుకోలేని కులాలవాళ్లు నీ బొగ్గు పైకప్పు కింద పక్కపక్కన పనిచేశారు. ఆ కప్పు కూలేటప్పుడు కులం అడగదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచెత్తి 17 మంది చనిపోయారు. ఆ నీళ్లూ అడగలేదు. పక్కవాడి ప్రాణంతోనే తన ప్రాణం ముడిపడి ఉందని ఏ సంఘమూ చెప్పకముందే బాయిపనివాళ్లకు నేర్పింది నువ్వే.

అయితే నీ పాఠాల్లోకెల్లా పెద్దది 1981 నాటిది. పదిమంది కూడబలుక్కుని నోటీసు లేకుండా పని మానితే ఎనిమిది రోజుల దాకా జీతం కోయవచ్చని 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలో ఒక నిబంధన ఉండేది. తెల్లదొరల కాలంలో రాసిన ఆ మాటను స్వతంత్ర దేశంలో, ప్రభుత్వ సంస్థవై ఉండి, నువ్వు బయటికి తీశావు. ఒక్కరోజు పని ఆగితే ఎనిమిది రోజుల కూలి పోయింది. ఆ కోత బాయి దిగినవాడి దగ్గర ఆగుతుందా? ఆ జీతాన్ని నమ్ముకుని బియ్యం ఇచ్చిన కిరాణాకొట్టుకు తగిలింది. ఊళ్లో కొడుకు పంపే పైసల కోసం ఎదురుచూసే ముసలివాళ్లకు తగిలింది. బడికి పోయే పిల్లలకు తగిలింది. కోల్‌బెల్ట్‌ను ఒక్కటి చేయడానికి ఇంతకన్నా దగ్గరి దారి ఎవరికీ తోచేది కాదు, నీకు తోచింది.

ఆ కోత మీద లేచిన సమ్మె 56 రోజులు నడిచింది. జీతం రాని ఇంట్లో అన్ని రోజులు పొయ్యి వెలగాలంటే ఉద్దెర ఇచ్చే కొట్టు కావాలి, గింజలు పంపే ఊరు కావాలి, ఉన్న గంజిని పొద్దుమాపు సర్దే ఆడవాళ్లు కావాలి. సమ్మెల చరిత్రలో ఆ ఆడవాళ్ల లెక్క రాసినవాళ్లు తక్కువ. గుర్తింపు సంఘాలను దాటి కార్మికులు తమ మాట తామే చెప్పుకున్న ఆ రోజుల వేడిలోంచే సింగరేణి కార్మిక సమాఖ్య, సికాస, పుట్టింది. దాని దారితో నాకు పేచీలున్నాయి. పుట్టించిన ఘనత మాత్రం నీ ఎనిమిది రోజుల కోతదే.

నువ్వు నేర్పిన చదువు వృథా పోలేదు. 2011 సెప్టెంబర్ 13న తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైతే, నీ కార్మికులు నెల దాటినా బొగ్గు తీయలేదు. కరెంటు కోతలు హైదరాబాద్ దాకా పాకాయి. టీచర్లు, వకీళ్లు, ఆర్టీసీ డ్రైవర్లు, రోడ్ల మీద వంటావార్పు చేసిన ఇల్లాళ్లు ఒక్క బాటన నడిచారు. కేంద్రం నాలుగు బొగ్గు బ్లాకులను వేలానికి పెట్టినప్పుడు, 2021 డిసెంబర్‌లో ఒకరి ముఖం ఒకరు చూడని సంఘాలన్నీ కలిసి మూడు రోజులు పని ఆపాయి.

ఇప్పుడూ నువ్వు ఊరుకోవడం లేదు. 1990ల మొదట్లో లక్ష దాటిన నీ కార్మికులు నేడు 40 వేలకు దగ్గర పడ్డారు. మిగతా పనికి కాంట్రాక్టు మనుషులను తెచ్చుకున్నావు. బొగ్గు దుమ్ము అందరికీ ఒకటే ఇచ్చి, జీతం మాత్రం వేరు చేశావు. కాంట్రాక్టు కార్మికులకు హైపవర్ కమిటీ నిర్ణయించిన వేతనాలు కావాలంటూ 2022 సెప్టెంబర్‌లో వాళ్లు సమ్మెకు దిగారు. నీ బడిలో కొత్త తరగతి మొదలైంది. పాత విద్యార్థులు పెన్షన్ తీసుకుని గోదావరిఖని, శ్రీరాంపూర్ కాలనీల్లోనే ఉన్నారు. అడిగితే 56 రోజులూ వివరంగా చెబుతారు.