శిఖరమార్గ ఫలక వ్యాఖ్య

మూలము: లాసెన్ శిఖరము, 2.5 మైళ్ళు.

అవతారిక. ఉత్తర కాలిఫోర్నియాయందు లాసెన్ అగ్నిపర్వత జాతీయోద్యానమను వనము కలదు. సాటి ఉద్యానమైన యోసెమిటీకి ఏటేట ముప్పది నలుబది లక్షల జనము పోటెత్తుచుండగా, ఇచటికి వచ్చువారు నాలుగైదు లక్షలు మాత్రమే యగుటచే, ఈ కాలిబాటలపై మనిషి మాటకంటె ఉడుత అరుపే ముందు చెవిని బడును. శిఖరమునకెక్కు దారి మొదట నిలిపిన పలకమీది వాక్యమే ఇపుడు వ్యాఖ్యేయము. గ్రంథము చిన్నది, గ్రంథకర్త మితభాషి. ఇట్టివారి రచనలే పాఠకుని మోకాళ్ళను పరీక్షించును.

ప్రతిపదార్థము. లాసెన్ శిఖరము = 1914లో మేల్కొని, 1915 మే 22న మహావిస్ఫోటమున ఆకాశమును బూడిదతో కప్పి, మరుసటి యేడే జాతీయోద్యానమను బిరుదమును సంపాదించుకొన్న 10,457 అడుగుల లావా గుమ్మటము; 2.5 మైళ్ళు = ఒకవైపు దూరము. ‘దిగివచ్చుట’ యను క్రియ అధ్యాహార్యము. కర్త దానిని చెప్పడు, నడచువాడే తెచ్చి కలుపుకొనవలెను. రమారమి 2,000 అడుగుల ఆరోహణము గూడ మూలమున లేదు. అది ధ్వనిచే గ్రాహ్యము. ఆ ధ్వని మొదటి అరమైలు దాటకమునుపే ఉచ్ఛ్వాసనిశ్వాస రూపమున స్పష్టముగా వినబడును.

శంక. అలిపిరినుండి మూడున్నరవేల మెట్లెక్కి స్వామిని దర్శించుకొన్న మాబోంట్లకు రెండున్నర మైళ్ళొక లెక్కయా యని శాన్ హోసేనుండి కారులో వచ్చిన తెలుగువాడు అడుగవచ్చును. సమాధానము. తిరుమల ఊరు సముద్రమట్టమునకు రమారమి 3,000 అడుగులు మాత్రమే. ఈ దారి మొదలే 8,500 అడుగుల చేరువ. అలిపిరి దారికి పైకప్పుండును, మజ్జిగ దొరకును, పదుగురి నోట గోవిందనామము కాళ్ళను లాగుకొనిపోవును. ఇచటనో, గాలికి వంగిన పైను చెట్లు కొంత దూరము తోడువచ్చి నిలిచిపోగా, ఆపై మిగులునది ఎండయు, రాయియు, తన గుండెచప్పుడును.

పాఠాంతర విచారము. దారి మెలికలుగా బోవును. పైమెలిక నాలుగు బారల దూరముననే కానవచ్చుటచే, కొందరు నడుమనున్న వాలును అడ్డముగా కోసి యెక్కుదురు. ఇది అపపాఠము. అచటి నేల గట్టిమన్ను కాదు, చిట్లిన అగ్నిశిలల తునకలు. అడుగు మోపినంతనే గుప్పెడు రాళ్ళు గలగల జారి క్రిందివాని కాళ్ళవద్దకు చేరును, ఏండ్లతరబడి పట్టు సంపాదించుకొన్న పూలమొక్క వేరుతో లేచివచ్చును. ఇట్టి స్వతంత్ర పాఠములచే చెడిన మార్గమును 2010 మొదలు కొన్ని వేసవులు శ్రమించి ఉద్యానమువారు సరిదిద్దవలసివచ్చెను. దారి విడుచుటవలన కలుగు ఫలమునకు ఈ వనముననే పూర్వోదాహరణము కలదు: బంపస్ అనునతడు ఉడుకుబురదపై పేరిన పలుచని పెళ్ళ విరిగి కాలు కాల్చుకొని, తుదకు ఆ కాలినే పోగొట్టుకొనెను. ఆ స్థలమునకు ‘బంపస్ నరకము’ అని పేరు నిలిచినది.

విశేషము. ఎక్కుచు ఊపిరికై నిలిచినవాడు వెనుకకు చూచినచో, 1864లో ఈ శిఖరమెక్కిన హెలెన్ బ్రాడ్ట్ పేరుగల సరస్సు అగపడును. మంచు మెండుగా కురిసిన యేట జూలైలో సైతము దానిపై మంచుపెళ్ళలు తేలుచుండును. మోకాళ్ళు సహకరింపనివారు మంజనీటా సరస్సు చుట్టును రెండు మైళ్ళలోపు చదునుదారిని నడచి, ఇదే శిఖరమును నీటిలో తలక్రిందులుగా చూచి సంతసింపవచ్చును. వ్యాఖ్యాతకు ఇందులో న్యూనత తోపదు.

నిర్ణయము. పలకను తిరిగి వ్రాయ నక్కరలేదు. పెందలకడ బయలుదేరుడు, ఉరుము వినబడినచో శిఖరము పదిబారల దూరమున నున్నను దిగిపొండు, నీరు ఇంటినుండియే నింపుకొని రండు. పైదారిలో ఎచటను కుళాయి లేదు.