గండికోట ఫ్రేములో పట్టాలంటే

కెమెరాతోపాటు డబ్బాలో వచ్చిన 18-55 లెన్సుతో గండికోట లోయ అంచుకు చేరినవాడికి తిప్పలు అక్కడే మొదలవుతాయి. ఎడమ గోడ పడితే కుడి గోడ తెగుతుంది. అడుగున పెన్నా కనబడితే పైన మబ్బులు పోతాయి. నాలుగడుగులు వెనక్కి వేస్తే ముందున్న బండలే ఫొటో అవుతాయి. ముందుకు వేయడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు.

జమ్మలమడుగు దగ్గర ఓ హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారికి వైడ్ యాంగిల్ మీద మనసు పడింది అక్కడే. లెక్కల మాస్టారు గనక ముందు కోణాలు చూశారు. ఆయన కెనాన్ క్రాప్ కెమెరా మీద 18 మి.మీ. దగ్గర మూల నుంచి మూలకు పట్టేది 74 డిగ్రీలు. 10 దగ్గర అది 107 దాటుతుంది. ఎనిమిది మిల్లీమీటర్లకు 33 డిగ్రీల లాభం! అదే ఎనిమిది, 200 మి.మీ. లెన్సులో తగ్గితే ఎవరికీ తెలియను కూడా తెలియదు. ఇదంతా భార్యకు బోర్డు మీద రాసినంత వివరంగా చెప్పారు.

"సగం కొండ పడినా కొండే కదండీ" అందావిడ.

మాస్టారు జాబితా వేశారు. 2004 నాటి కెనాన్ 10-22 సెకండ్ హ్యాండ్‌లో దొరికినా 77 మి.మీ. ఫిల్టర్లు కొత్తగా కొనాలి. టోకినా 11-16 వెలుగు బాగా లాగుతుంది, బరువు అరకిలో పైనే. సామ్యాంగ్ 14కి ముందు గాజు ఉబ్బి ఉంటుంది, మామూలు ఫిల్టరు బిగించే వీల్లేదు. పైగా క్రాప్ కెమెరా మీద అది ఫుల్ ఫ్రేమ్ మీది 22 లాగా చూస్తుంది. చివరికి మిగిలింది 2014లో వచ్చిన కెనాన్ 10-18: 240 గ్రాములు, కెమెరాకు బిగించే చోట లోహానికి బదులు ప్లాస్టిక్.

దాని ఎఫ్/4.5 చూసి పెదవి విరిచేవాళ్లున్నారు. రాత్రిపూట పాలపుంత తీసేవాళ్లకు అది నిజంగా లోటే. పట్టపగలు ట్రైపాడ్ మీద ఎఫ్/8 పెట్టి కొండలు తీసేవాడు ఎఫ్/2.8కి డబ్బు పోస్తే మాత్రం ఎన్నడూ వేయని తలుపుకు ఇత్తడి గడియ పెట్టించినట్టే.

ప్రొద్దుటూరులో పెళ్లి ఫొటోలు తీసే బావమరిది దగ్గర అదే లెన్సు ఉంది. "తీసుకుపో బావా, మనుషుల్ని మాత్రం అంచున పెట్టొద్దు. గ్రూపు ఫొటోలో చివర నిలబడిన మేనత్త మొహం అడ్డంగా సాగింది. ఇప్పటికీ నాతో మాట్లాడదు" అన్నాడు.

ఈసారి గోడలు రెండూ, పెన్నా, మబ్బులూ అన్నీ పడ్డాయి. కానీ ఎదుటి కొండ చిన్నబోయింది. ఫ్రేములో సగం కాళ్ల ముందున్న నేలే. ట్రైపాడ్ కాలూ, మాస్టారి ఎడమ చెప్పు కొసా కూడా హాజరు. బావమరిది పోలరైజర్ బిగిస్తే ఆకాశం ఒకవైపు ముదురు నీలం, ఇంకోవైపు వెలిసిన చొక్కా రంగు. మాస్టారు మోకాళ్ల మీద కూర్చుని, ట్రైపాడ్ దించి, నెర్రె విచ్చిన ఎర్రబండ దగ్గరికి జరిపారు. 10 మి.మీ., ఎఫ్/8 దగ్గర 65 సెంటీమీటర్లకు ఫోకస్ పెడితే 33 సెంటీమీటర్ల నుంచి అనంతం దాకా స్పష్టంగా ఉంటుందని లెక్క. జేబులోంచి టేపు తీసి కొలిచారు. ఆ నెర్రె కెమెరా ముందు మొదలై లోయ దాకా పాకింది. ఫొటోకు లోతు వచ్చింది.

ఖర్చు లేని దారి కూడా చూడమని ఇంట్లో ఆదేశం. కిట్ లెన్సుతోనే కెమెరా నిలువుగా పట్టి, ఒక్కో ఫొటో పక్కదానితో మూడోవంతు కలిసేలా వరసగా తీసి, ఉచితంగా దొరికే హగిన్ సాఫ్ట్‌వేర్‌లో అతికించారు. గోడలు చక్కగా అతుక్కున్నాయి. దారిన పోతున్న మేక మాత్రం రెండుచోట్ల పడింది, ఒకచోట తల లేకుండా.

ఇంతలో బావమరిది మిర్రర్‌లెస్‌కు మారాడు. దానికి 2023లో వచ్చిన కొత్త 10-18 బరువు 150 గ్రాములే, కాబట్టి పాతది అమ్మకానికి వచ్చింది. మాస్టారు టార్చి వేసి ఫంగస్ ఉందేమో చూశారు, జూమ్ తిప్పి చూశారు. ధర దగ్గర ఇద్దరూ మొహమాటపడేసరికి పంచాయితీ అక్క ముందుకొచ్చింది.

"సొంత తమ్ముడితో బేరమేందండీ, అడిగినంత ఇచ్చేయండి" అని మొగుడికి చెప్పి, తమ్ముడి వైపు తిరిగింది. "హుడ్డు విడిగా కొనుక్కోవాలంట కదరా? నీదీ, ఆ ఫిల్టరూ, బ్యాగూ ఇట్ల పెట్టేసిపో."