నోరు తెరిపించి చూసేవాళ్లేరి?

మా రోజుల్లో మా అనుమసముద్రంపేటలో కేన్సర్ అనే మాటే వినపడేది కాదు. రాచపుండు అనేవాళ్లు, అదీ గొంతు తగ్గించి. మా మేనత్తకు ఆకూవక్కలో పొగాకు లేనిదే పొద్దు గడిచేది కాదు. దవడ లోపల లేచిన పుండును పంటిపోటు అనుకుని నెలల తరబడి లవంగం పెట్టుకుంటూ కూర్చుంది. చూపిస్తే ఒక డాక్టరు నోరు తెరవమనకుండానే మాత్రలు రాసిచ్చాడు. ఆఖరికి నెల్లూరు తీసుకుపోయి, అక్కణ్ణుంచి రైల్లో మద్రాసు అడయారు కేన్సర్ ఆసుపత్రికి చేర్చాను.

1954లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారు 12 పడకలతో మొదలుపెట్టిన ఆసుపత్రి అది. డాక్టర్ కృష్ణమూర్తి, డాక్టర్ శాంత తమ బతుకంతా దానికే ధారపోశారు. అక్కడ చూసింది నాకింకా కళ్లకు కట్టినట్టుంది. పెద్ద డాక్టరమ్మ ఒకావిడ అత్త ఎదురుగా స్టూలు మీద కూర్చుని, చూపుడువేలు నోట్లో, బొటనవేలు చెంప మీద పెట్టి మెల్లగా నొక్కింది. దవడ కింద, మెడ పక్కన తడిమింది. “కొంచెం ఓర్చుకోమ్మా” అని, పక్కన నిలబడ్డ ఇద్దరు కుర్ర డాక్టర్లను ఒక్కొక్కరినే పిలిచి, వాళ్ల వేళ్లు పట్టుకుని సరిగ్గా అక్కడే పెట్టించింది. తగిలిందా అని అరవంలో అడిగింది. తగిలిందనేదాకా వదల్లేదు.

అత్త మాకు దక్కలేదు. చాలా ఆలస్యమైపోయింది. కానీ ఆ రోజు ఆ ఇద్దరి వేళ్లకు వచ్చిన తెలివి ఎందరిని కాచిందో!

ఇప్పుడు లేనిదేముంది? 2007లోనే ఆరోగ్యశ్రీ వచ్చింది. నెల్లూరులో రెడ్‌క్రాస్ వాళ్ల కేన్సర్ ఆసుపత్రి ఉంది. తిరుపతిలో టాటా ట్రస్టులు కట్టిన పెద్దాసుపత్రి 2022లో తెరిచారు. వైద్యం దగ్గరికొచ్చింది, కాదనను. చూసే కన్నే ఊళ్లోకి రాలేదు. మొన్న సర్వేకని ఒక పిల్ల వచ్చింది. “తాతా, నోట్లో పుండ్లేమైనా ఉండాయా?” అంది. లేవన్నాను. ఫోన్లో నొక్కుకుని పోయింది. టార్చి వెయ్యలేదు, నాలుక ఎత్తమనలేదు. ఆ పిల్లను తప్పుపట్టను. ఒక హాల్లో కూర్చోబెట్టి, తెర మీద బొమ్మలు చూపించి, సాయంత్రానికి పంపేస్తే ఆమెకు మాత్రం ఎట్లా వస్తుంది?

గర్భాశయ ముఖద్వార కేన్సర్ పరీక్షే చూడండి. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆసిడ్‌నే పలచగా చేసి అద్దితే, తేడా ఉన్నచోట నిమిషంలో తెల్లబడుతుంది. ఖర్చు లేదు, కరెంటుతో పని లేదు. అయితే ఏ తెలుపు భయపడాల్సిందో, ఏది కాదో చెప్పగలిగే కన్ను కావాలి. ఆ కన్ను తెలిసినవాళ్ల పక్కన నిలబడి, వందల మందిని చూస్తేనే కుదురుతుంది.

అలా పక్కనుండి నేర్పడం కుదరదని మాత్రం అనొద్దు. హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలట్ కేన్సర్ నొప్పి తగ్గించే వైద్యాన్ని నిలబెట్టారు. కెనడా నుంచి డాక్టర్లు, నర్సులు ఒకసారి వచ్చి ఫొటో దిగి పోలేదు, ఏళ్ల తరబడి వస్తూ నేర్పారు. ఇవాళ తెలంగాణ జిల్లాల్లో అలాంటి కేంద్రాలు నడుస్తున్నాయి. అమెరికాలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో ‘ఎకో’ అని మొదలుపెట్టారు. పెద్దాసుపత్రి నిపుణుడు, పల్లె డాక్టర్లు వీడియోలో కలుస్తారు. పల్లె డాక్టరు తన రోగి సంగతి చెబుతాడు, నిపుణుడు దారి చూపిస్తాడు. రోగి ఊరు దాటక్కర్లేదు, డాక్టరు పని నేర్చుకుంటాడు. మా వైపు ఇలాంటిది ఏది?

మాది పొగాకు నేల. కలిగిరిలో, డీసీ పల్లిలో వేలం కేంద్రాలున్నాయి. మా ఊరి ఖాజా నాయబ్ రసూల్ దర్గాకు మతం చూడకుండా ఎక్కడెక్కడి రోగులో వచ్చి నిద్రచేస్తారు. వాళ్ల నమ్మకం వాళ్లది, నాకూ ఉంది. ఆ వచ్చినవాళ్ల నోరు ఒక్కసారి టార్చి వేసి చూసే నర్సమ్మ అక్కడ ఉంటే ఎంత పుణ్యం!

తిరుపతి, నెల్లూరు, చెన్నై పెద్ద డాక్టర్లకు నేను చేతులెత్తి అడిగేది ఒకటే. బ్యానరు కట్టిన ఒక్కరోజు క్యాంపు మాకొద్దు. నెలకొక రోజు వచ్చి మా పీహెచ్‌సీ డాక్టరు పక్కన, నర్సమ్మ పక్కన కూర్చోండి. మూడేళ్లు విడవకుండా రండి. వాళ్ల వేళ్లు పట్టుకుని చూపించండి.