పక్క సీటువాడు ఎంతకి కొన్నాడో!

ఒరేయ్ అబ్బాయ్, ఆ ఫోను కాస్త పక్కన పెట్టి విను. వినవని తెలుసు. అయినా చెబుతాను. చెప్పకపోతే నాకు రాత్రి మజ్జిగన్నం అరగదు.

మొన్న మనవరాలి ఓణీల ఫంక్షనుకి నేనూ మీ మామ్మా రాజమండ్రి నుంచి హైదరాబాదు వెళ్ళాలి. నేను రైల్వేలో చేసి రిటైరైనవాణ్ణి. పాసుంది, పైసా ఖర్చు లేకుండా గౌతమిలో పడుకుంటే పొద్దున్నే సికింద్రాబాదు. కానీ మీ మామ్మ, "జన్మంతా మీ పాసు మీదే తిరిగాను. పోయేలోగా ఒక్కసారైనా డబ్బిచ్చి గాల్లో వెళ్ళాలి" అంది. ఆ మాట అన్న వేళావిశేషం, రెండు విమానం టికెట్లు కొనడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. పదకొండు రోజులంటే, కాలినడకన బయల్దేరినా సూర్యాపేట చేరి టీ తాగుతూ ఉండేవాణ్ణి.

మా రోజుల్లో టికెట్ కొనడమంటే ఏమిటో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు, ఎందుకంటే అమ్మినవాణ్ణి నేనే. బుకింగ్ క్లర్కుగా ముప్పై ఎనిమిదేళ్ళు కిటికీ వెనక కూర్చున్నాను. నేను చేరిన 1974లోనే గోదావరి ఎక్స్‌ప్రెస్ కూడా మొదలైంది. అదింకా పరిగెడుతోంది, నేను కుర్చీలో పడ్డాను. అప్పట్లో నా పక్కనే చెక్క బీరువా, అందులో ఊరికో అర, అరనిండా బొటనవేలంత అట్టముక్కలు. మనిషొచ్చి "తుని రెండు" అనేవాడు. రెండు అట్టలు లాగి, తేదీ మిషన్లో పెట్టి ఠక్కుఠక్కుమని గుద్ది చేతిలో పెట్టేవాణ్ణి. ఛార్జీ ఆ అట్టమీదే అచ్చయి ఉండేది. మునసబుగారికీ అదే, ఆయన పాలేరుకీ అదే. గంట ముందొచ్చినా అదే, రైలు కూతపెట్టాక చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చినా అదే. ఛార్జీ పెరగాలంటే ఢిల్లీలో రైల్వే మంత్రి బడ్జెట్ చదవాలి. మర్నాడు పేపర్లో చూసుకుని ఊరంతా కలిసి తిట్టుకునేవాళ్ళం. కలిసి తిట్టుకోవడంలో ఒక సుఖం ఉంది, అబ్బాయ్. అది మీకు దక్కలేదు.

విమానాలూ అంతే. బేగంపేటలో నిజాం కాలంనాటి డెక్కన్ ఎయిర్‌వేస్ ఉండేది. 1953లో ప్రభుత్వం దాన్నీ మిగతా కంపెనీల్నీ కలిపేసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అంది. ఆ తర్వాత నలభై ఏళ్ళ పాటు దేశంలో ఎక్కడికెగరాలన్నా అదే దిక్కు, ప్రభుత్వం ఒప్పుకున్న ఛార్జీయే ఛార్జీ. మాలాంటివాళ్ళం ఎక్కేవాళ్ళం కాదనుకో, అది వేరే సంగతి. బేగంపేట స్టేషన్లో బండి ఆగితే కిటికీలోంచి తలకాయ బయటపెట్టి, నెత్తిమీదుగా పోయేదాన్ని చూసి నోరెళ్ళబెట్టేవాళ్ళం. ఎక్కకపోతేనేం? రేటు మాత్రం మర్యాదగా ఒకచోట కూర్చుని ఉండేది.

టికెట్టు కూడా టికెట్టులా ఉండేది. మా వీధిలో ఒకాయన అమెరికా వెళుతుంటే ఆయన టికెట్ పుస్తకాన్ని వీధివీధంతా చేతులు కడుక్కుని మరీ పట్టుకుని చూశాం. కాయితం వెనక ఎర్రటి కార్బన్ ఉండేది, వేళ్ళకి అంటుకునేది. మా తమ్ముడు ఆ ఎరుపు రెండు రోజులు కడుక్కోలేదు. 2008లో ప్రపంచమంతటా ఆ కాయితాలు ఎత్తేశారు. ఇప్పుడు టికెట్టంటే ఆరక్షరాలు. ఎవరికీ చూపించొద్దని జాగ్రత్తలు కూడానూ. చూపించని టికెట్టుతో ఎలా గొప్పలు పోవాలో నాకైతే తెలీదు.

సరే, పదకొండు రోజుల కథకొస్తాను. మొదటిరోజు పొద్దున్న ఫోన్లో చూస్తే మనిషికి 3,412 రూపాయలుంది. మంచి పని చేసేముందు స్నానం చెయ్యాలి గదా అని వెళ్ళాను. వచ్చేసరికి 3,978. నాకు అనుమానమొచ్చింది, ఇది నన్ను కనిపెట్టిందని. మీ మామ్మ ఫోను తీసి, చీర కొంగు చాటున పెట్టి చూశాను. అక్కడా 3,978. మనవడికి ఫోన్ చేస్తే వాడు పగలబడి నవ్వాడు.

"తాతయ్యా, అది నిన్ను చూసి పెంచలేదు. సీట్లన్నీ ఒక్కలాగే ఉన్నా, కంపెనీవాళ్ళు వాటిని రేటు ప్రకారం గంపలుగా విడగొడతారు. గంపకో ఇంగ్లీషక్షరం. చవక గంప ఖాళీ అవగానే పై గంప తీస్తారు. నువ్వు స్నానం చేస్తుంటే ఆ గంపలో ఆఖరిది ఎవరో ఎత్తుకుపోయారు."

అంటే శుచిగా ఉన్నందుకు నాకు 566 రూపాయలు జరిమానా.

పోనీ, మన మార్కెట్టు ధర్మమైనా పాటిస్తారేమోనని ఆగాను. పొద్దున్న కిలో నలభై అన్న వంకాయలు చీకటి పడేసరికి ఇరవై అంటాడు గదా, వాడిపోతాయి కాబట్టి. విమానం సీటు మాత్రం వాడిపోయేకొద్దీ ముద్దొస్తుందట! ఎగిరే రోజు దగ్గరపడేకొద్దీ రేటు సాధారణంగా పైకే పోతుంది. ఆఖరి నిమిషంలో వచ్చేవాడు గత్యంతరం లేక వస్తాడని, ఎంతైనా పోస్తాడని లెక్క. ఈ విద్య ఎక్కడిదంటే అమెరికాదట. 1978లో అక్కడి ప్రభుత్వం ఛార్జీల మీద పట్టు వదిలేసింది. 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్, ముందుగా కొనేవాడికి చవక, చివర్లో వచ్చేవాడికి ప్రియం అనే లెక్కని కంప్యూటరుకి అప్పగించింది. మిగతావాళ్ళందరూ వెనకాల పడ్డారు.

వాళ్ళ సంగతి వదిలెయ్. మా రైల్వేకి ఈ జబ్బు అంటుకుంది చూడు, అదీ నా బాధ. 2016 సెప్టెంబర్లో రాజధాని, దురంతో, శతాబ్ది బళ్ళలో పదిశాతం బెర్తులు అమ్ముడైనప్పుడల్లా పదిశాతం చొప్పున రేటెక్కించడం మొదలెట్టారు, ఒకటిన్నర రెట్ల దాకా. ఆ వార్త చదివిన పూట నాకు అన్నం సయించలేదు. రెండో పూట తిన్నాననుకో.

నువ్వు అడగబోయేదేమిటో నాకు తెలుసు. "తాతయ్యా, మీ రోజుల్లో అంత బాగుండేదా?" మహా బాగుండేది, కిటికీకి ఇవతల కూర్చున్నవాడికి. సంక్రాంతికి రిజర్వేషనంటే అవతలివాళ్ళు తెల్లవారుజాము నుంచి తువ్వాళ్ళు పరుచుకుని లైన్లో పడుకునేవాళ్ళు. నేను సరిగ్గా నాలుగోవాడి వంతు రాగానే భోజనానికి లేచేవాణ్ణి. చిల్లర లేదన్నవాణ్ణి పక్కకి నుంచోబెట్టేవాణ్ణి, నా సొరుగులో చిల్లర గలగలలాడుతున్నా సరే. రేటు మాత్రం మార్చలేదు, అబ్బాయ్. మార్చడం నా చేతిలో లేదు, అది ఒప్పుకుంటాను.

నాలుగోరోజు కొనడానికే దిగాను. ముందు పేరు రాయమంది. ఒక గడిలో పేరు, ఇంకో గడిలో ఇంటిపేరు. మనకి ఇంటిపేరు ముందొస్తుంది, దానికేమో వెనకుండాలి. పైగా నా పేరు ముగ్గురు దేవుళ్ళూ ఒక మూర్తీ కలిసింది. ఆధార్లో ఒకరకం, పాసులో ఇంకోరకం. కార్డులో ఉన్నట్టే ఉండాలన్నాడు మనవడు. అది సరిచూసుకునేలోగా "మీ సమయం ముగిసింది" అని బయటికి గెంటింది. డెబ్భైమూడేళ్ళవాడితో అనాల్సిన మాటేనా అది?

తరవాత పక్కవాయిద్యాలు. సీటు కావాలా, డబ్బులు. తిండి కావాలా, డబ్బులు. సామాను పదిహేను కిలోలు దాటిందా, డబ్బులు. ఇంత చాకిరీ నాచేతే చేయించుకుని ఆఖర్న "సౌకర్యం రుసుము" అని ఇంకో నాలుగొందలు. ఎవడి సౌకర్యం? ఇన్సూరెన్సు గడిలో నేను పెట్టకుండానే టిక్కుంది. తీసేస్తే "నా ప్రయాణం ఏమైపోయినా నాకు ఫర్వాలేదు" అన్న అర్థం వచ్చేట్టు ఒక బొత్తాం నొక్కమంది. గవర్నమెంటువాళ్ళు 2023లో ఇలాంటి పదమూడు రకాల టక్కులు కూడదని నిబంధనలు కూడా పెట్టారు. అడక్కుండా సంచిలో సరుకు వెయ్యడం, మనసు నొప్పించి కొనిపించడం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. మా కిరాణా సాంబడు రెండూ ముప్పై ఏళ్ళుగా చేస్తున్నాడు గానీ, వాడు మొహం చూసి చేస్తాడు.

పదకొండోరోజు అసలు మోసం బయటపడింది. ఒక్కరికి అని వెతికితే 3,640. ఇద్దరికి అని వెతికితే మనిషికి 4,215! మనవణ్ణి మళ్ళీ లేపాను. చవక గంపలో ఒక్క సీటే మిగిలితే, ఇద్దరు కలిసి అడిగినప్పుడు ఇద్దరికీ సరిపడే పై గంపే తీస్తుందట. విడివిడిగా కొంటే ఒకటి చవగ్గా వస్తుందన్నాడు. అంటే నలభై ఏడేళ్ళ కాపురానికి ఆ మిషను కట్టిన వెల 575 రూపాయలు. విడివిడిగానే కొన్నాను. పక్కపక్కన కూర్చోవాలంటే మనిషికి మూడొందలు ఇమ్మంది. ఆరొందలు పోసి 575 మిగుల్చుకునేంత అమాయకుణ్ణా నేను? లెక్కల్లో పైసా తేడా రానివ్వకుండా రిటైరైనవాణ్ణి. "విడివిడిగా కూర్చుందాం" అన్నాను. మీ మామ్మ ఏమీ అనలేదు. అనకపోవడం నేను అప్పుడు పట్టించుకోలేదు.

మధురపూడిలో ఎక్కాం. ఆవిడకి ముందెక్కడో కిటికీ పక్క, నాకు చివరెక్కడో నడవ పక్క. సీటుబెల్టు పెట్టుకోగానే పక్కనున్న కుర్రాణ్ణి అడిగాను, "నాయనా, ఎంతకి కొన్నావు?" అని. వాడు నేను జీతం అడిగినట్టు చూశాడు. రెండు నెలల కిందట కొన్నాడట, 2,350. నడవ అవతల టై కట్టుకున్నాయన నిన్న రాత్రి కొన్నాడు, 7,800. కంపెనీ ఇస్తుందిలెండి అన్నాడు. ఒకే విమానం, ఒకే గాలి, ఒకేసారి దిగుతాం, మూడు రేట్లు. 2017లో ఉడాన్ పథకంలో కడప నుంచి హైదరాబాదుకి విమానం మొదలెట్టినప్పుడు గంట ప్రయాణం 2,500 దాటకూడదన్నారు, అదీ సగం సీట్లకే. ప్రభుత్వం కూడా సగంమందితోనే మాట్లాడుతోందన్నమాట. ఇంక కలిసి తిట్టుకోవడం ఎలా కుదురుతుంది? నేను తిడితే కుర్రాడు నవ్వాడు, టై ఆయన నిద్రపోయాడు.

2003లో ఎయిర్ డెక్కన్ వచ్చి, ఆ తర్వాత పన్నులు కాక రూపాయికే టికెట్టని ప్రకటించినప్పుడు, "రూపాయికెక్కితే రూపాయంత ఎత్తే ఎగురుతుంది" అని కౌంటరులో అందరినీ నవ్వించినవాణ్ణి నేను. ఆ రూపాయి వేలంవెర్రి మొదలవకపోతే, రేటు మర్యాదగా ఒకచోటే కూర్చుని ఉండి ఉంటే, మీ మామ్మ ఆ కిటికీ పక్కన కూర్చునేది కాదని, కింద ఎక్కడో నీళ్ళు మెరిసినప్పుడు నాకు తోచింది. వెంటనే మర్చిపోయాను.

శంషాబాదులో దిగాక ఆవిడ మొహం వెలిగిపోతోంది. పక్కన కూర్చున్న అమ్మాయితో ఊరూపేరూ, పెళ్ళి సంబంధాలదాకా వెళ్ళిపోయిందట. "ఎలా ఉంది?" అన్నాను.

"ఎంత హాయిగా ఉందో! గంటసేపు చెవిలో సణుగుడు లేదు."

సామాను బెల్టు దగ్గర నిలబడి, నా రేటూ కుర్రాడి రేటూ టై ఆయన రేటూ మొత్తం పూసగుచ్చినట్టు చెప్పాను. విని, సంచి అందుకుంటూ అంది: "ఏమండీ, తిరుగు టికెట్లు కూడా విడివిడిగానే కొనండి. ఓ వంద ఎక్కువైనా ఫర్వాలేదు."