గర్భసంచి ఒక శాఖ, బోరు ఇంకో శాఖ

గిద్దలూరు పల్లెల్లో ఆడమనిషి ఒంట్లో ప్రభుత్వ శాఖలన్నీ కాపురముంటాయి. రక్తం వైద్య ఆరోగ్య శాఖది. ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ నీటి సరఫరా వాళ్లది. తిండి అంగన్‌వాడీది. మిరప కోతల్లో వంగిపోయిన నడుము ఎవరిదో ఇంకా జీవో రాలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అందుకని ఆశా కార్యకర్త ఎర్రమాత్రల అట్ట చేతిలో పెడుతుంది. పల్లె ఆడమనిషి మాత్రను టీతో మింగుతుంది. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. పోనీ నీళ్లతో మింగమందామా? బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ పేగుల్ని పాడుచేసి, ఇనుమును పట్టనివ్వదు. ఢిల్లీలో డాక్టర్ ఎ.కె. సుశీల బృందం గర్భిణులకు ఫ్లోరైడ్ తగ్గించి, మంచి తిండి పెట్టించి చూస్తే హిమోగ్లోబిన్ పెరిగింది. పెరిగితే పెరిగింది, మాత్రలు పంచేవాళ్ల పరిధిలోకి నీళ్లు రావుగా! దేశంలో ఫ్లోరోసిస్ మొదట బయటపడింది మన వైపే, 1937లో, పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో. అప్పటి నుంచీ పరిధులు చూసుకుంటూనే ఉన్నారు.

ఆరోగ్య వ్యవస్థలో అన్నీ ఒకదానికొకటి ముడిపడినవని, విడివిడిగా చూస్తే లాభం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో పుస్తకమే వేసింది. అంత చిక్కు విప్పే ఓపిక ఎవరికుంది? కత్తిరిస్తే పోలా!

తెల్లబట్టవుతోందనో, నెలసరి ఆగట్లేదనో ఆస్పత్రికి పోతే, "పిల్లలు పుట్టారుగా, ఇంక గర్భసంచితో పనేముందమ్మా? ఉంచితే క్యాన్సరొస్తది" అంటారు. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతంలో మన రాష్ట్రం దేశ సగటుకు రెట్టింపు దాటింది. అండాశయాలూ పోతే ఎముకలు గుల్లబారతాయి. ఫర్లేదు, దానికి ఎముకల డాక్టరు వేరే ఉన్నాడు.

అనవసర ఆపరేషన్ల మీద కేంద్రం 2022లో మార్గదర్శకాలిచ్చింది. మూడు నెలల్లో అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. కమిటీలు కూర్చుని తీసేసిన సంచులు లెక్కపెట్టొచ్చు. అక్కడ బోరు మాటెత్తి చూడండి, "నీళ్ల శాఖనడగండి" అంటారు. వాళ్లనడిగితే వెలిగొండ ప్రాజెక్టు నీళ్లొస్తే అన్నీ సర్దుకుంటాయంటారు. వెలిగొండకు శంకుస్థాపన 1996లో జరిగింది. ఆ ఏడు పుట్టిన పిల్లకిప్పుడు ఇద్దరు బిడ్డలు, నడుం నొప్పి. స్కానింగు కాగితాలు కవర్లో పెట్టుకుని, ఆరోగ్య కార్డు మీద ఆపరేషన్ అవుతుందా అని కౌంటరు దగ్గర అడుగుతోంది.